వాపుకి కారణం ఎవరు

పెళ్ళయిన ఏడాది వానాకాలంలో నాకు ఒక జబ్బు చేసింది. దాన్ని జబ్బు అనడం కూడా ఎక్కువే. అయినా అది ఉన్నన్నాళ్ళూ నేను నా భార్యని అనుమానించాను, నా భార్య నన్ను అనుమానించింది, మా అమ్మ ఊళ్ళో ఒక ముసలామెని అనుమానించింది. మగవాళ్ళు ఇలాంటివి బయటికి చెప్పుకోరు. నేనూ చాలాకాలం చెప్పలేదు.

అప్పుడు మేం హుకుంపేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాది కాఫీ తోటల పని. కొండ మీది ఊళ్ళకి వెళ్ళి, మొక్కలు ఎక్కడ నాటాలో, నీడ చెట్లు ఎంత ఎడంగా ఉండాలో రైతులకి చూపించి రావాలి. నాట్లు పడేది వానల్లోనే. బండి వెళ్ళినంత దూరం బండి, అక్కడి నుంచి నడక. పొద్దున వేసుకున్న జీన్స్ ప్యాంటు మొదటి ఊరు చేరకముందే తడిసిపోయేది. సాయంత్రం ఇంటికొచ్చి విప్పేదాకా అలాగే ఒంటికి అంటుకుని ఉండేది. నా భార్య దగ్గర్లోని ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఎండాకాలంలో అయింది మా పెళ్ళి. ఇద్దరం ముప్పైకి దగ్గరపడ్డాక చేసుకున్నవాళ్ళం. ఆలస్యంగా దొరికినందుకేమో, ఆ మొదటి నెలల్లో ఇంట్లో ఉన్నంతసేపూ ఒకరిని విడిచి ఒకరం ఉండలేకపోయేవాళ్ళం. వాన పడుతుంటే ఇంకెక్కడికీ వెళ్ళే పని కూడా లేదు.

ఒక సాయంత్రం స్నానం చేస్తూ నీళ్ళు పోసుకుంటే మర్మాంగం దగ్గర కారం పూసినట్టు మండింది. గడియ సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చూసి, కిటికీ వెలుతురుకి తిరిగి చూసుకున్నాను. ముందరి చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. ఒక పక్క నీరు పట్టినట్టు ఉబ్బింది. పుండు లేదు, చీము లేదు. వేలితో నొక్కితే మెత్తగా సొట్టపడి మళ్ళీ నిండుకుంది. అది నా ఒంట్లో భాగమే అంటే నాకే నమ్మకం కుదరలేదు.

దీనికి ఏ మందు వాడాలన్నది కాదు ముందు నా బుర్రలోకి వచ్చింది. ఇది ఎవరి దగ్గర నుంచి వచ్చింది అని వచ్చింది. పెళ్ళికి ముందు నాకు ఎవరితోనూ అలాంటి సంబంధం లేదు. తర్వాతా లేదు. ఇక మిగిలింది ఒక్క మనిషే.

ఆ సాయంత్రం నుంచి నా భార్యని కొత్త కళ్ళతో చూడడం మొదలుపెట్టాను. అనుమానంతో చూస్తే కనబడనిది ఉండదు. ఫోను మోగితే పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి మాట్లాడుతోంది. నేను వెళితే గొంతు తగ్గిస్తోంది. అంతకుముందు ఇద్దరి బట్టలూ కలిపి ఉతికేది, ఇప్పుడు తనవి విడిగా నానబెడుతోంది. మాత్రల అట్ట ఒకటి పప్పు డబ్బా వెనక కనబడింది. సగం మాత్రలు లేవు. దేనికని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతుందని నేనే అనుకున్నాను.

ఆమె దగ్గరికి వస్తే బండి తోలి నడుం నొప్పి పుట్టిందని చెప్పి అటు తిరిగి పడుకునేవాణ్ణి. వింతేమిటంటే ఆమె కూడా బలవంతం చెయ్యలేదు. నాలుగు రోజుల క్రితం దాకా నన్ను పనికి పంపడానికే ఇష్టపడని మనిషి, నడుం నొప్పి అనగానే ‘సర్లే’ అని ఊరుకుంది. ఆ ‘సర్లే’ నాకు ఇంకో సాక్ష్యంలా తోచింది.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ, నా మొహం కేసి చూడకుండా అడిగింది.

“బావా, వైజాగులో నువ్వు పని సేసినావే లాడ్జీ, దానికి ఎలాటోళ్ళు వొచ్చేవోరు?”

పెళ్ళికి ముందు నేను కొన్నేళ్ళు విశాఖపట్నంలో ఒక లాడ్జీలో రిసెప్షన్ దగ్గర కూర్చున్నాను. ఆ సంగతి పెళ్ళిచూపుల్లోనే చెప్పాను.

“అందరూ వొచ్చేవోరు. ఏటి, ఇప్పుడెందుకు?”

“ఊరికే అడిగాను.”

“ఊరికే అడిగే మాటలా నేదు.”

“అయితే ఎలాటి మాట?” అంది, గరిట గిన్నెలో పెట్టి.

తప్పు తను చేసి, నా మీదకి తోసెయ్యడానికి దారి చేసుకుంటోంది అనుకున్నాను. ఇద్దరం మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాం.

మండుతున్నది తగ్గాలని నాకు తోచిన వైద్యమంతా చేశాను. పొద్దునా సాయంత్రం సబ్బుతో రుద్ది కడిగాను. నీళ్ళలో డెట్టాల్ కలిపి పోసుకున్నాను. ఆఫీసులో నాకన్నా పెద్దాయన ఒకడున్నాడు, ఎవరికేం కావాలన్నా సలహా ఇస్తాడు. తొడలు ఒరుసుకుని పాసిపోయాయని అతనితో సగం నిజం చెప్పాను.

“దానికేటి గురూ, తామరకి రాసే ఆయింట్‌మెంటు తెచ్చి పట్టించు. రెండ్రోజుల్లో పోద్ది,” అన్నాడు. వెంటనే నా మొహంలోకి వంగి చూసి, “తొడలేనా?” అని నవ్వాడు.

మందుల షాపులో ఆ గొట్టం కొని రాశాను. రాసిన చోట నిప్పు పెట్టినట్టయింది. మర్నాటికి వాపు చుట్టూతా పాకింది, చర్మం పొరలు పొరలుగా లేవడం మొదలుపెట్టింది. ప్యాంటు తగిలితే ప్రాణం పోయేది. అయినా బండి ఎక్కడం మానలేదు. మానితే ఎందుకని ఇంట్లో అడుగుతుంది, ఆఫీసులో ఆ పెద్దాయన అడుగుతాడు.

ఆదివారం వచ్చేసరికి ఆ రెండు గదుల్లో ఉండలేకపోయాను. అమ్మని చూసి వస్తానని మా ఊరు వెళ్ళాను. మా ఊరు కొండ వాలు మీద ఉంటుంది, జీపు దిగి కొంత ఎక్కాలి. అమ్మ ఒక్కర్తే ఉండదు, అన్నయ్య కుటుంబం పక్కింట్లోనే ఉంది. నేను ఎక్కి వస్తుంటే అమ్మ అరుగు మీద నుంచి చూసింది.

“ఏట్రా, కాళ్ళు ఎడంగా ఏసి నడుత్తన్నావు?”

“బండి మీంచి జారాను అమ్మా.”

“జారినోడికి మోకాలికి గీత కూడా పడదా?”

తప్పించుకుందామని చూశాను. కానీ అమ్మ నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని నా కూర్చునే తీరే చూసింది. చివరికి, కింద వాచింది, మంటగా ఉంది అని చెప్పేశాను. ఇంకేమీ చెప్పలేదు. అమ్మ కూడా ఇంకేమీ అడగలేదు. గోచీ కట్టుకుని తిరిగిన వయసులో తప్ప నా ఒంటి సంగతి ఆమెతో మాట్లాడడం అదే మొదలు. ఆమె లేచి, చెయ్యి కడుక్కుని, చేటలో గుప్పెడు బియ్యం వేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

మా వైపు ముహూర్తాలు పెట్టేదీ, జబ్బు ఎందుకొచ్చిందో చూసి చెప్పేదీ దిసారి. అమ్మ అతని దగ్గరికే వెళ్ళింది. వచ్చేసరికి మొహం ముడుచుకుపోయి ఉంది.

“తూర్పు దిక్కు ఇల్లంట. ఆడమనిషంట. నీ పెళ్ళిలో ఏడిసిన మనిషంట.”

మా ఇంటికి తూర్పున ఉన్నది ఒకటే ఇల్లు. అందులో ఒక ముసలామె, కూతురు పెళ్ళయి వెళ్ళిపోయాక, ఒంటరిగా ఉండేది. వరసకి నాకు అత్త. ఆమె కొడుకు నా ఈడువాడు, పెళ్ళి కాకుండానే జ్వరంతో పోయాడు. నా పెళ్ళిలో అక్షింతలు వేసి, నా తల నిమిరి, కళ్ళు తుడుచుకుంది. అది అందరూ చూశారు. కొడుకు గుర్తొచ్చాడు పాపం అని అప్పుడు అందరూ జాలిపడ్డారు.

“అమ్మా, ఆవిడెందుకు సేత్తాది?”

“తన గుంటడు నేడు, నా గుంటడు ఉన్నాడు. ఇంకేటి కావాలి? నీకు పిల్లలు పుట్టకూడదని సిల్లంగి పెట్టింది.”

చిల్లంగి అన్న మాట మా కొండల్లో తేలిగ్గా అనే మాట కాదు. చేతబడి చేశారన్న ఆ మాట ఒక మనిషి మీద పడితే, ముందు ఆ ఇంటికి రాకపోకలు ఆగిపోతాయి. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ పైకి చెప్పరు, కానీ అందరికీ తెలుసు. అమ్మతో వాదించాను. నేను డిగ్రీ చదివినవాణ్ణి. అయినా నిజం చెప్పాలంటే, వాదిస్తూ ఉండగానే ఆవిడ చెయ్యి నా తల మీద చల్లగా తగిలింది గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. భార్య మీద అనుమానం కన్నా ఈ అనుమానమే హాయిగా అనిపించింది కూడా. తూర్పింటి ముసలామె చేసి ఉంటే, నా భార్య ఏమీ చెయ్యనట్టే కదా.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర చూశాను. ఆ ముసలామె బిందె పట్టుకుని వచ్చింది. అప్పటిదాకా మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు మాట ఆపేశారు. ఒకామె తన పిల్లని చంకలోకి లాక్కుంది. ఇంకొకామె నిండని బిందె ఎత్తుకుని పక్కకి జరిగింది. దారి ఇచ్చారు, కానీ అది పెద్దమనిషికి ఇచ్చే దారి కాదు. ముసలామె వాళ్ళందరినీ ఒకసారి చూసింది. తర్వాత మా అరుగు కేసి, నా కేసి చూసింది.

“ఒంట్లో బాగోనేదంట కదా బాబూ. ఏటయినాది?” అని అక్కడి నుంచే అడిగింది.

అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపేసేసింది.

అప్పుడు నాకు భయం వేసింది. నా వాపు గురించి కాదు. ఒక్క పగలు, ఒక్క రాత్రి గడిచేసరికి మాట ఇంతదూరం వస్తే, ఇంకో వారానికి ఎక్కడికి పోతుందో అని. ఇది ఏమిటో, ఎందుకు వచ్చిందో గట్టిగా తెలియాలి అనుకున్నాను. భార్యకి ఫోను చేసి పాడేరులో మీటింగు ఉంది, అక్కడి నుంచే సాయంత్రం వస్తానని చెప్పాను. తనకీ స్కూల్లో ట్రైనింగు ఉందని, ఆలస్యమవుతుందని చెప్పింది. జీపెక్కి తిన్నగా పాడేరు పెద్దాసుపత్రికి వెళ్ళాను.

ఓపీ చీటీ రాయించుకుని వరండాలో నడుస్తున్నాను. ఆడవాళ్ళ డాక్టరు గది ముందు బెంచీ మీద, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నా భార్య కూర్చుని ఉంది.

నన్ను చూసి లేచి నిలబడింది. ఇద్దరం ఒకేసారి అడిగాం, “నువ్వేటిక్కడ?” అని.

“మీటింగన్నావు,” అంది.

“ట్రైనింగన్నావు.”

“ముందు నువ్వు సెప్పు బావా.”

“కాదు, నువ్వే సెప్పు. ఎవడితో మాట్లాడతన్నావు పెరట్లో? ఆ మాత్రలేటి?”

ఆమె కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది. కోపమో ఏడుపో తెలియలేదు. “నాకు మంటగా ఉంది. నీ వల్లే వొచ్చింది. లాడ్జీ రోగం తెచ్చి అంటించి, ఇప్పుడు నన్నే అడుగుతన్నావా?” అంది, గొంతు బాగా తగ్గించి. బెంచీ మీద ఆడవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. అంతలో అవతలి గది దగ్గర నా నంబరు పిలిచారు. నేను చీటీ పట్టుకుని అటు వెళ్ళిపోయాను.

డాక్టరు నడివయసు మనిషి. తెర వెనక్కి తీసుకెళ్ళి, గ్లౌజులు వేసుకుని నెమ్మదిగా చూశాడు. చర్మం వెనక్కి వస్తోందా, మళ్ళీ ముందుకి వస్తోందా, ఒంటేలు పోసుకోవడం కష్టంగా ఉందా, జ్వరం వచ్చిందా, గజ్జల్లో గడ్డలున్నాయా అని అడిగాడు. పుండ్లు ఎప్పుడైనా కనబడ్డాయా అన్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, “పెళ్ళయి ఎన్నాళ్ళయింది?” అన్నాడు.

చెప్పాను.

“రోజూ కలుస్తున్నారా?”

“ఊఁ.”

“రోజుకి ఒకటికన్నా ఎక్కువసార్లు?”

తలొంచుకుని మళ్ళీ ఊఁ అన్నాను. ఏం పని చేస్తానో, ఏం బట్టలు వేసుకుంటానో, ఏమేం రాశానో అన్నీ అడిగాడు. తామర మందు సంగతి విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“చూడండి, అక్కడి చర్మం కనురెప్పలాగా పల్చన. ఎక్కువ ఒరుసుకుంటే కందుతుంది, నీరు చేరి ఉబ్బుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ, మానేసి ఊరుకుంటే దానంతటదే తగ్గిపోయేది. మీరు దాని మీద తడి జీన్సు తొడిగి కొండలెక్కారు. సబ్బు పెట్టి రుద్దారు. డెట్టాల్ పోశారు. తామర మందు రాశారు. పాపం అదేం చేస్తుంది?”

“రోగం కాదా సార్?”

“నాకు కనబడినంతలో కాదు. కానీ మీ మొహం చూస్తే నమ్మేలా లేరు. షుగరు, మిగతా రక్త పరీక్షలు కూడా చేయించుకోండి. భార్య ఎక్కడుంది?”

“బయటే ఉందండి,” అన్నాను. అతను ఒక్క క్షణం నా కేసి చూసి నవ్వు ఆపుకున్నాడు.

ఆమెని చూసిన డాక్టరమ్మ కూడా దాదాపు అదే చెప్పిందట. ఇద్దరం రక్తం ఇచ్చాం. ఒకే బల్ల దగ్గర, ఒకరి తర్వాత ఒకరం, దూది నొక్కుకుంటూ. సాయంకాలానికి ఇద్దరికీ ఏమీ లేదని చెప్పారు. నాకు రాసిన వైద్యం ఇంతే: కొన్నాళ్ళు దూరంగా ఉండడం, వదులుగా లుంగీ కట్టుకోవడం, సబ్బు లేకుండా మంచినీళ్ళతో కడిగి పొడిగా తుడుచుకోవడం, పల్చగా వాజిలైన్ రాయడం. చర్మం వెనక్కి వెళ్ళి ముందుకి రాకపోయినా, ఒంటేలు ఆగిపోయినా, పుండు లేచినా వెంటనే రమ్మన్నారు.

బస్టాండు ఎదురుగా టీ హోటల్లో కూర్చున్నాం. ఏమీ లేదని తేలిన మాటే గానీ, ఇద్దరిలో ఎవరికీ ప్రాణం కుదుటపడలేదు.

“పెరట్లో మాట్లాడింది మా అక్కతో,” అంది. “మంట మొదలయ్యాక ఇంకెవుల్తో సెప్పుకుంటాను? మాత్రలు అదే సెప్పింది.”

“ఫోను ఇలాగియ్యి.”

ఇచ్చింది. చూశాను. నిజంగానే వాళ్ళక్క. ఇచ్చేయబోతుంటే చెయ్యి చాపి, “నీది,” అంది. నేనూ ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసింది, నాకన్నా ఎక్కువసేపు. ఎక్కడా ఏమీ దొరకలేదు. తిరిగి ఇస్తూ, “నాకు ఏడుపొత్తంది బావా,” అంది. టీ చల్లారిపోయింది. తూర్పింటి ముసలామె సంగతి అప్పుడు చెప్పాను. ఆమె వింటూ వింటూ గ్లాసు పక్కకి తోసేసి లేచింది.

“బేగి నడు. ఇప్పుడే ఎల్దాం.”

“అమ్మకి ఏటని సెప్తాం?”

“జరిగిందే సెప్తాం. నీకు సిగ్గయితే నాను సెప్తాను.”

ఆఖరి జీపు పట్టుకుని ఊరు చేరాం. అమ్మా, అన్నయ్యా, వదినా పొయ్యి దగ్గర కూర్చున్నారు. డాక్టరు చెప్పిన మాట చెప్పాను. అమ్మ వినిపించుకోలేదు. డాక్టర్లకి ఈ సంగతులు తెలీవంది. అప్పుడిక దాచకుండా చెప్పాను.

“అమ్మా, ఎవులూ ఏటీ సెయ్యనేదు. కొత్తగా పెళ్ళయినోళ్ళం. ఎక్కువయ్యి ఒరుసుకుని వాసింది. తడి పేంటుతో తిరిగాను, పిచ్చి మందులు రాసాను, ఇంకా వాసింది. ఇది మా ఇద్దరి వల్లే. దీనికి కూడా అలాగే అయినాది.”

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్నయ్య నిప్పుల్లోకి చూస్తూ ఉండిపోయాడు. నా భార్య మాత్రం తల దించుకోలేదు, అమ్మ కళ్ళలోకే చూస్తూ నిలబడింది. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“మీ బాబుకి ఎప్పుడూ రానేదే?” అంది.

అన్నయ్య ఆపుకోలేకపోయాడు. అతను నవ్వగానే వదిన, ఆ తర్వాత అమ్మ కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు. చెవులు కాలిపోయాయి.

మర్నాడు కుళాయి దగ్గర అమ్మే చెప్పింది. ఎలా చెప్పిందో నేను వినలేదు, కానీ నేను జీపు కోసం దిగి వెళుతుంటే ఊళ్ళో ప్రతి మగవాడూ ఏదో ఒకటి అన్నాడు. మెల్లగా నడువు అని ఒకడు, కొత్తలో అలాగే ఉంటాది అని ఒకడు. ఇలాంటి పరాచికం ఆ ఏడాదంతా సాగింది. నవ్వుకోవడం మొదలయ్యాక చిల్లంగి మాట మళ్ళీ ఎవరూ పైకి ఎత్తలేదు. అదొక్కటి చూసుకుని నేను ఆ నవ్వులన్నీ భరించాను.

వాపు వారం తిరక్కముందే దిగిపోయింది. చర్మం మామూలు రంగుకి రావడానికి ఇంకొంచెం పట్టింది. మళ్ళీ దగ్గరవడానికి మాత్రం ఒళ్ళు మానినంత తేలిగ్గా కుదరలేదు. నా భార్య ఫోను ఇప్పుడు నా ఎదురుగానే మాట్లాడుతుంది. స్పీకరు పెట్టి మరీ మాట్లాడుతుంది. అలా పెట్టినప్పుడల్లా నాకు ఆ టీ హోటలు గుర్తొస్తుంది. పెట్టొద్దని చెప్పాలనిపిస్తుంది, చెప్పను.

తూర్పింటి ముసలామె దగ్గరికి నేనూ నా భార్యా కలిసి వెళ్ళాం. జబ్బు తగ్గిందని చెప్పాం. “మంచిది బాబూ,” అంది. కూర్చోమని పీట వెయ్యలేదు. అమ్మ ఆ తర్వాత ఆమెతో మాటా మంచీ మొదలుపెట్టింది, సామలూ చింతపండూ ఇచ్చిపుచ్చుకున్నారు. కానీ ఆమె ఇచ్చినవి అమ్మ వండగా నేను ఎప్పుడూ చూడలేదు.

పంటలు కోశాక ముసలామె అడ్డతీగల వైపు ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. కూతురికి పురుడని వెళ్ళింది అంటుంది అమ్మ. ఆ పురుట్లో పుట్టిన పిల్ల ఇప్పుడు బడికి పోతోందట. తూర్పింటికి ఇంకా తాళమే ఉంది.